రబ్బరు చేప

మొదటిరోజు ఆవిడ సంచీలోంచి తీసింది చేప కాదు.
అరచేతి పొడవు రబ్బరు గొట్టం, లోపల బ్యాటరీ,
ఒళ్లంతా పసుపు రంగు. కళ్లు లేవు.
"దీన్ని మీ చక్రంలోకి పంపాలి తవిటయ్యగారూ"
అంది పర్లాకిమిడి తెలుగులో, డాక్టర్ మంజులత బిశోయి.

ఇరవై రెండేళ్లుగా నేనీ మిషన్లను చప్పుడుతోనే ఎరుగుదును.
బేరింగు అలిసిందో, జాలీకి కొమ్మ అడ్డం పడిందో
చెప్పులు విప్పి నేలమీద పాదం ఆనిస్తే చాలు.
చేప వచ్చిందీ పోయిందీ
ఆ పాదానికి ఎన్నడూ తెలియలేదు.

రబ్బరు చేప దూకింది.
కింద నురగలో పడవేసుకున్న సుకులు ఖరా
దాన్ని వల్లో పట్టి, తడి తుడిచి, పసిబిడ్డలా అందించాడు.
కంప్యూటర్ మీద ఒక గీత కొండెక్కి
ఉన్నట్టుండి లోయలో పడింది.
"ఇదిగో, ఇక్కడ. పొట్టలో గాలితిత్తి పగిలేది ఇక్కడే.
రెక్క తగలక్కర్లేదు."
వేలు కిందికి వంగి చూశాను.
రెప్పపాటులో సగం.
నా జీతమంతా ఆ సగంలోంచే వచ్చింది.

"మరి పొడుగువాటికో?" అన్నాడు సుకులు.
పొడుగువాటికి రెక్కే తగులుతుందట.
అతను వల తాడు చూపించాడు. ముడులు.
తెగి తేలిన మలుగుకొక ముడి. నలభై ఒకటి.
ఎప్పట్నించి అంటే,
"మా పిల్ల పుట్టిన వానల్నించి."
"పిల్లకెన్నేళ్లు?"
"ఏడో క్లాసు."
ఆవిడ నవ్వకుండా రాసుకుంది: సుమారు పన్నెండేళ్లు.

మలుగు సముద్రంలో పుడుతుందట.
తలవెంట్రుకంత ఒంటితో గోదారి మొగలో దూరి
ధవళేశ్వరం తడిగోడ పట్టుకు పాకి
కూనవరం దగ్గర శబరిలోకి మళ్లి, మోటు దాటి
కొలాబ్ అని పేరు మారిన ఈ నీళ్లలో
రాళ్ల సందున పదేళ్లో పదిహేనేళ్లో కాపురముండి
ఒక్కసారి, జన్మకొక్కసారి,
గుడ్ల బరువుతో వెనక్కి బయల్దేరుతుందట.
ఆ తోవలో మొదటి గుమ్మం నాది.

అమావాస్య వానరాత్రులు. ఒంటిగంట నుంచి నాలుగు దాకా
రెండో మిషన్ తగ్గించి
పక్క గేటు తొమ్మిదంగుళాలు ఎత్తమంది.
"నీళ్లు వృథా అంటారు మేడమ్."
"లెక్క కట్టాను.
మీ కాలనీ వీధిదీపాలు, ఒక్క రాత్రి."
ఉత్తరం భువనేశ్వర్ వెళ్లింది. అక్కడే ఉంది.

శ్రావణ అమావాస్య. బైపారిగూడ వైపు ఆకాశం ఉరిమింది.
మూడో ఉరుముకి మలుగు కదుల్తుందని సుకులు మాట.
నేను లెక్కపెట్టలేదని చెప్పను.
గేటు చక్రం తిప్పాను, తుప్పు రాలి చొక్కా నిండింది.
చూసిందేమీ లేదు.
చీకటి, బురదనీరు, చీకటి.

తెల్లారి సుకులు తాడుకి ముడి వేయలేదు.
నేను గెలిచినవాడిలా చూస్తే
ఆవిడ తల అడ్డంగా ఊపింది:
"ఒక్క రాత్రితో ఏమీ తేలదు.
మూడు వానాకాలాలు కావాలి."
ఇంత కష్టపడి, ఇంత నిదానంగా నమ్మేవాళ్లని
నేనింతకు ముందు చూడలేదు.

లాగ్‌బుక్కులో గేటు, అంగుళాలు, గంటలు. చివర్న గడి: కారణం.
చెత్త తొలగించుటకు అని ఇంగ్లీషులో రాశాను,
ఎప్పుడూ రాసేదే.
కొట్టేశాను.
మలుగు అని రాశాను, తెలుగులోనే.

పగటి షిఫ్టుకొచ్చిన మొహంతి
ఆ గడి మీద టీగ్లాసు పెట్టబోయి ఆగి
"ఇదేంటి?" అన్నాడు.
బయట వాన ఇంకా పడుతోంది.
"దిగిపోయినవాళ్ల పేరు" అన్నాను.